కార్డు ఊళ్లో, జ్వరం సిటీలో: వలస వచ్చినవాళ్లకి వైద్యం ఎక్కడ ఆగిపోతోంది?

ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌ల్లో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. మాటలు వేరు, విషయం ఒకటే. "అన్నా, మాది పలాస దగ్గర. నాన్న హైదరాబాద్‌లో తాపీ పని చేస్తారు. ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఊరి అడ్రస్ మీదే ఉన్నాయి. ఇక్కడ ఏదైనా అయితే ఆస్పత్రిలో అవి చెల్లుతాయా?"

చిన్న ప్రశ్నే. కానీ దీనికి ఒక్క ముక్కలో అవునని గానీ కాదని గానీ చెప్పడం కుదరదు. కొన్ని చెల్లుతాయి, కొన్ని చెల్లవు. కొన్నిటికి అసలు కార్డే అక్కర్లేదు, ఆ సంగతి చాలామందికి తెలియదు. ఏది ఏ రకమో తెలియక మనవాళ్లు ముప్పై వేలు, నలభై వేలు అప్పు చేసి ప్రైవేట్‌లో కట్టేస్తున్నారు. లేదంటే రోగంతోనే రైలెక్కి ఊరికి వెళ్లిపోతున్నారు. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దీని మీదే. దేశం లోపల ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పనికి వెళ్లినవాళ్ల గురించి మాత్రమే మాట్లాడుకుందాం. గల్ఫ్ సంగతి వేరే, దానికి విడిగా ఎపిసోడ్ చేస్తాను.

ముందు రోమింగ్ అంటే ఏంటో చూద్దాం

మీ సిమ్ శ్రీకాకుళంలో కొన్నది. హైదరాబాద్‌లో పనిచేస్తుంది, సూరత్‌లోనూ పనిచేస్తుంది. ఎలా? "ఈయన మా కస్టమర్. మీ టవర్ వాడుకుంటాడు, లెక్క మనం మనం చూసుకుందాం" అని వెనకాల రెండు వైపులా ఒప్పందం ఉంటుంది. మీకు ఆ గొడవ ఏమీ తెలియదు, ఫోన్ మోగుతుంది అంతే.

ఇప్పుడు బియ్యం సంగతి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం 2022 జూన్ నాటికి దేశంలోని 36 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు అన్నిటికీ వచ్చేసింది. జాతీయ ఆహార భద్రత చట్టం కింద కార్డు ఉన్న బీహార్ కుర్రాడు హైదరాబాద్ రేషన్ షాపులో వేలిముద్ర వేసి తన వాటా తెచ్చుకోవచ్చు. అంటే తిండికి రోమింగ్ ఉంది.

మరి ఒంటికి ఉందా? ఇక్కడే మెలిక. మన దేశంలో వైద్యం ప్రధానంగా రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ప్రతి రాష్ట్రానికీ సొంత పథకం, సొంత లిస్టు, సొంత సర్వర్. ఆరోగ్యశ్రీనే తీసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో అది మొట్టమొదట మొదలైన మూడు జిల్లాలు ఏవో తెలుసా? మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మూడూ వలసలకి పేరుపడ్డ జిల్లాలే! పాలమూరు కూలీలు ముంబై, పుణే వెళ్తారు. అనంతపురం వాళ్లు బెంగళూరు వెళ్తారు. శ్రీకాకుళం వాళ్లు వెళ్లని చోటు లేదు. కానీ పథకం మాత్రం రాష్ట్రం గీత దగ్గర ఆగిపోయేలా తయారైంది. మనిషి కదిలాడు, పథకం కదల్లేదు.

ఈ రోజుకీ తెలంగాణలో ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఇక్కడి రేషన్ కార్డు మీద నడుస్తుంది. 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి పది లక్షల దాకా పెంచారు. మంచిదే. కానీ పదేళ్లుగా హైదరాబాద్‌లో ఇటుకలు మోస్తున్న ఒడిశా మనిషికి ఇక్కడి రేషన్ కార్డు లేదు కాబట్టి ఆ పది లక్షల్లో పది రూపాయలు కూడా రావు.

రోమింగ్ ఉన్న కార్డు: ఆయుష్మాన్

2018 సెప్టెంబర్ 23న కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకం మొదలుపెట్టింది. కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు. ఇందులో అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట పోర్టబిలిటీ, అంటే మన రోమింగే. జార్ఖండ్‌లో కార్డు తీసుకున్న మనిషి తెలంగాణలో, ఈ పథకం లిస్టులో ఉన్న ఆస్పత్రిలో చేరొచ్చు. బిల్లు అతని సొంత రాష్ట్రం భరిస్తుంది. పాత జబ్బులు కూడా మొదటి రోజు నుంచే కవర్ అవుతాయి. కుటుంబంలో ఎంతమంది ఉన్నా పరిమితి లేదు.

కానీ రోమింగ్ పనిచేయాలంటే రెండు వైపులా ఒప్పందం ఉండాలి కదా? తెలంగాణ ఈ పథకంలో చేరింది 2021లో. ఒడిశా, ఢిల్లీ చేరింది 2025లో. పశ్చిమ బెంగాల్ ఏళ్ల తరబడి దీంట్లోకి రాకుండా తన సొంత స్వాస్థ్య సాథీ కార్డు నడుపుకుంది. అంటే మీ పక్కనే పనిచేసే ఇద్దరు కూలీలు ఒకే గదిలో ఉంటూ, ఒకే జీతం తీసుకుంటూ ఉన్నా, ఒకడి కార్డు ఇక్కడ పనిచేసి ఇంకొకడిది పనిచేయకపోవచ్చు. తేడా వాళ్ల రోగంలో లేదు, వాళ్లు పుట్టిన రాష్ట్రంలో ఉంది.

మన పలాస తమ్ముడి ప్రశ్నకి వద్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో కొన్ని ఆస్పత్రుల్ని తన ఆరోగ్యశ్రీ లిస్టులో చేర్చింది. ఇప్పుడు ఆ పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. కానీ ఆ ఏర్పాటు పెద్ద చికిత్సల కోసం పెట్టింది. కాబట్టి గుండె ఆపరేషన్ లాంటిదైతే, వెళ్లే ముందే ఆ ఆస్పత్రి, ఆ చికిత్స రెండూ లిస్టులో ఉన్నాయా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఆయుష్మాన్ లిస్టులో కూడా పేరు ఉందేమో విడిగా చూసుకోండి.

ఇంకో విషయం. ఆస్పత్రి రిసెప్షన్‌లో "వేరే రాష్ట్రం కార్డు ఇక్కడ నడవదు" అంటే వెంటనే వెనక్కి రాకండి. అక్కడ చాలాసార్లు కూర్చునేది ఆ పథకం గురించి తెలియని మనిషి. లిస్టులో ఉన్న ఆస్పత్రిలో ఈ పథకం పని చూడటానికి ఒక మనిషి ఉంటారు. కొన్ని రాష్ట్రాల్లో ఆయుష్మాన్ మిత్ర అంటారు, మన దగ్గర ఆరోగ్యమిత్ర అంటారు. నేరుగా ఆ డెస్క్ ఎక్కడ అని అడగండి. అక్కడా తేలకపోతే నిలబడ్డ చోటు నుంచే 14555కి కాల్ చేయండి. ఇది పథకం హెల్ప్‌లైన్.

మూడు కార్డుల గందరగోళం

ఇది నేను చాలామంది ఫోన్లలో చూశాను. "అన్నా, నా దగ్గర ఆయుష్మాన్ కార్డు ఉంది" అని గర్వంగా చూపిస్తారు. చూస్తే అది ఆభా కార్డు! పేరులో ఆయుష్మాన్ ఉంటుంది, అశోక చక్రం లాంటి డిజైన్లు ఉంటాయి, ఎవరైనా పొరబడతారు. కాబట్టి ఒకసారి క్లియర్‌గా చెప్పుకుందాం.

ఆయుష్మాన్ కార్డు: డబ్బు కట్టే కార్డు. అర్హుల లిస్టులో పేరుంటేనే వస్తుంది.

ఆభా: 14 అంకెల నంబర్. మీ రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్లు ఒక చోట కలిపి ఉంచుకోవడానికి. ఎవరైనా తీసుకోవచ్చు. పనికొస్తుంది, కానీ ఒక్క రూపాయి బిల్లు కట్టదు.

ఈ-శ్రమ్: 12 అంకెల నంబర్. 2021 ఆగస్టులో మొదలైంది, అసంఘటిత రంగ కార్మికుల లిస్టు ఇది. 30 కోట్ల మందికి పైగా నమోదయ్యారు. అది చూపిస్తే ఆస్పత్రిలో బెడ్ ఇస్తారని అనుకోకండి. అది రిజిస్ట్రేషన్ మాత్రమే.

మీ ఇంట్లో ఎవరి ఫోన్‌లో ఏ కార్డు ఉందో ఇప్పుడే చూడండి. అర్ధరాత్రి ఎమర్జెన్సీ వార్డు ముందు నిలబడి ఈ తేడా తెలుసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

బెడ్ ఎక్కాక వచ్చే కార్డు

సరే, ఆయుష్మాన్ కార్డు అన్నీ సరిగ్గా ఉన్నాయి అనుకుందాం. అప్పుడు సమస్య తీరిందా? లేదు. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పాలనుకున్న అసలు విషయం ఇదే.

ఆయుష్మాన్ పనిచేసేది ఆస్పత్రిలో చేరినప్పుడు. చేరడానికి ముందు మూడు రోజులు, డిశ్చార్జ్ అయ్యాక పదిహేను రోజుల మందులు, పరీక్షలు కూడా ఆ ప్యాకేజీలో ఉంటాయి. కానీ ఊరికే డాక్టర్‌కి చూపించుకుని, రక్త పరీక్ష చేయించుకుని, మందులు కొనుక్కుంటే? దానికి రాదు. మనిషికి రోగం బెడ్ మీద మొదలవదు కదా. రెండు రోజుల జ్వరంగా మొదలవుతుంది, ఆగని దగ్గుగా మొదలవుతుంది, కాలికి మేకు గుచ్చుకున్న పుండుగా మొదలవుతుంది. ఆ దశలో ఐదు లక్షల కార్డు జేబులో ఉన్నా ఐదు వందల టెస్టుకి పనికిరాదు.

మా ఏరియాలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అక్కడ పనిచేసే బీహార్ కుర్రాడు ఒకడు టీ కొట్టు దగ్గర పరిచయం. వారం నుంచి దగ్గుతున్నాడు. "గవర్నమెంట్ దవాఖానాకి వెళ్లొచ్చు కదా భయ్యా, ఫ్రీ కదా" అన్నాను. అతను నాకు లెక్క చెప్పాడు. ఫ్రీ అంటే ఓపీ చీటీ ఫ్రీ. రోజు కూలి ఏడు వందలు పోతుంది. ఆటోకి రానూపోనూ రెండు వందలు. లైన్‌లో నిలబడితే టెస్టులకి రేపు రమ్మంటారు, ఇంకో హాజరీ పోతుంది. అదే లేబర్ క్యాంప్ పక్కన ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే? సాయంత్రం పని అయ్యాక ఏడింటికి కూడా ఉంటాడు, హిందీలో మాట్లాడతాడు, రెండు వందలకి ఇంజెక్షన్ వేస్తాడు. డబ్బు లేకపోతే శనివారం జీతం రోజు ఇవ్వమంటాడు.

చూడండి, అతనికి తెలివి లేక ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లట్లేదు. పద్దెనిమిది వందల ఖర్చు ఒక వైపు, రెండు వందల ఖర్చు ఇంకో వైపు. అతని చోట మీరున్నా, నేనున్నా అదే చేస్తాం. కాకపోతే ఆ రెండు వందల ఇంజెక్షన్ దగ్గుని నాలుగు రోజులు అణచిపెడుతుంది, లోపలున్న జబ్బేంటో చెప్పదు. అది టీబీ అయితే? చిన్న గదిలో పది మంది పడుకునే చోట ఏమవుతుందో ఆలోచించండి.

అందుకే వలస కార్మికులకి వైద్యం గురించి మాట్లాడేటప్పుడు లక్షల కార్డు ఎంత ముఖ్యమో, సాయంత్రం ఏడు గంటలకి తెరిచి ఉండే చిన్న క్లినిక్ కూడా అంతే ముఖ్యం. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. డాక్టర్, నర్సు ఉంటారు, మందులు ఉచితం, రక్తం శాంపిల్ అక్కడే తీసుకుని ల్యాబ్‌కి పంపుతారు. చాలా మంచి ఏర్పాటు. పెద్దాస్పత్రికి వెళ్లే ఆటో ఖర్చు, లైన్ రెండూ తప్పుతాయి. కానీ టైమింగ్స్ దాదాపు పని గంటల్లోనే ఉంటాయి. కూలి మనిషికి అదే అడ్డు.

కేరళలో దీనికి ఒక దారి వెతికారు. ఎర్నాకుళం జిల్లాలో బంధు క్లినిక్ అని ఒక వ్యాన్ తిరుగుతుంది. బెంగాల్, అస్సాం, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉండే చోటుకే డాక్టర్, మందులు వెళ్తాయి, వాళ్లకి వీలైన వేళలు చూసుకుని. కార్మికుల భాషలు తెలిసినవాళ్లు అందులో ఉంటారు. అక్కడి ప్రభుత్వం బయటినుంచి వచ్చిన కార్మికుల్ని అతిథి కార్మికులు అంటుంది, 2017లోనే వాళ్ల కోసం ఆవాజ్ అనే బీమా పెట్టింది. పేరు మార్చగానే జీవితం మారదు, నిజమే. కానీ కార్మికుడు మన టైమ్‌కి రావాలి అనకుండా వ్యాన్ అతని టైమ్‌కి వెళ్లడం అనే ఆలోచన ఏ రాష్ట్రమైనా తీసుకోవచ్చు.

జీతంలో కట్ అవుతోంది, కానీ ఎవరూ చెప్పలేదు

ఇప్పుడు ఓపీకి కూడా పనికొచ్చే ఏర్పాటు ఒకటి చెప్తాను. ఈఎస్‌ఐ.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన రోజుల్లో మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే అక్క ఒకరు ఉండేవారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చారు. ఒకసారి డెంగీ జ్వరం వచ్చి వారం రాలేదు. తిరిగొచ్చాక అడిగితే ప్రైవేట్ క్లినిక్‌లో పదకొండు వేలు అయిందన్నారు. చిట్టీ ఎత్తి కట్టారట. జీతం ఎంత పడుతుందక్కా అని మాటల్లో అడిగి, ఆవిడ ఫోన్‌లో పే స్లిప్ చూశాను. అందులో ఒక లైన్ ఉంది: ఈఎస్‌ఐ, 105 రూపాయలు.

"ఇదేంటో తెలుసా అక్కా?"

"ఏదో కట్ చేస్తారు బాబూ, పీఎఫ్ లాంటిది అనుకున్నా."

రెండేళ్లుగా నెలనెలా కట్ అవుతోంది. ఆవిడని పెట్టుకున్న కాంట్రాక్టర్ ఈఎస్‌ఐ నంబర్ ఇవ్వలేదు, దాంతో ఏం వస్తుందో చెప్పనూ లేదు. ఆవిడ తెలుగు మనిషే, చదవడం వచ్చు, స్మార్ట్‌ఫోన్ ఉంది. అయినా ఆ ఒక్క లైన్ అర్థం ఎవరూ చెప్పలేదు.

ఈఎస్‌ఐ ఇలా పనిచేస్తుంది. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట, నెల జీతం 21,000 వరకు ఉన్నవాళ్లకి వర్తిస్తుంది. మీ జీతంలో 0.75 శాతం కట్ చేస్తారు, యజమాని 3.25 శాతం కలుపుతాడు. 14,000 జీతం అయితే మీది 105, వాళ్లది 455. దీనికి బదులు మీకూ, మీ మీద ఆధారపడ్డ కుటుంబానికీ వైద్యం, ఓపీతో సహా. మామూలు జ్వరానికి డిస్పెన్సరీ, పెద్దవాటికి ఆస్పత్రి. హైదరాబాద్‌లో సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి మీలో చాలామంది చూసే ఉంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే వైద్యం మొదలవుతుంది.

దాని కన్నా ముఖ్యమైనది ఇంకోటి. మొన్నటి లెక్క గుర్తుందా, కూలి పోతుందని భయం? ఈఎస్‌ఐలో జబ్బు చేసి పనికి రాలేకపోతే, డాక్టర్ సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. దానికి ముందు ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా కట్టి ఉండాలి. మందుతో పాటు కూలి కూడా ఇచ్చే ఏర్పాటు ఇది. పైగా ఇది 1948 నాటి కేంద్ర చట్టంతో మొదలైన ఏర్పాటు. రాష్ట్రం మారినా మీ నంబర్ అదే ఉంటుంది.

సెక్యూరిటీ గార్డులు, గోడౌన్‌లో ప్యాకింగ్ చేసేవాళ్లు, మాల్‌లో సేల్స్ పిల్లలు, హోటల్ స్టాఫ్, వీళ్లలో చాలామంది ఈఎస్‌ఐ కిందికి వస్తారు. సెటిల్‌మెంట్ అయ్యేదాకా ఆగకండి. మీ పది అంకెల నంబర్ ఏంటో హెచ్‌ఆర్‌ని గానీ కాంట్రాక్టర్‌ని గానీ అడగండి. మా అక్క అడిగారు, మూడు వారాలు తిప్పించుకున్నాక ఇచ్చారు. పోయిన పదకొండు వేలు రాలేదు. కానీ ఆ తర్వాత వాళ్ల పాప కళ్లద్దాల దగ్గర్నుంచి ఏ అవసరమొచ్చినా ముందు డిస్పెన్సరీకే వెళ్లేవారు.

అయితే అడ్డా మీద నిలబడి రోజుకో చోట పని చేసే కూలీకి ఈఎస్‌ఐ లేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 చట్టం కింద ఏర్పడిన సంక్షేమ బోర్డు ఉంది. గత ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసి, వయసు 18 నుంచి 60 మధ్య ఉంటే, పని చేస్తున్న రాష్ట్రంలోనే నమోదు చేసుకోవచ్చు. ప్రసూతి సాయం, ప్రమాద సాయం లాంటివి ఉంటాయి. పనికి సర్టిఫికెట్ ఎవరిస్తారు అన్నదే అక్కడ పెద్ద చిక్కు. మేస్త్రీ సంతకం పెట్టడానికి భయపడతాడు.

ఏ కార్డూ అడగకూడని చోట్లు

ఇది జాగ్రత్తగా వినండి.

ఒకటి, ప్రాణం మీదికొచ్చినప్పుడు. 1992లో బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకి గాయమైంది. కలకత్తాలో ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆస్పత్రులకి తీసుకెళ్తే బెడ్ లేదన్నారు, సదుపాయం లేదన్నారు. చివరికి ప్రైవేట్ ఆస్పత్రిలో డబ్బు కట్టి చూపించుకోవాల్సి వచ్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సమయానికి ఎమర్జెన్సీ వైద్యం ఇవ్వకపోవడం అంటే ఆర్టికల్ 21 ఇచ్చిన జీవించే హక్కుని కాలరాయడమేనని 1996లో కోర్టు తేల్చింది, 25,000 పరిహారం ఇప్పించింది. అంతకుముందు 1989లోనే, గాయపడ్డ మనిషికి పోలీసు ఫార్మాలిటీల కోసం ఆగకుండా ముందు వైద్యం చేయాలని, అది ప్రైవేట్ డాక్టర్లకి కూడా వర్తిస్తుందని ఇంకో కేసులో చెప్పింది. ఈ మాట ఎమర్జెన్సీ గేటు దగ్గర మీకు పనికొస్తుంది.

రెండు, రోడ్డు ప్రమాదం. 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. మోటారు వాహనం వల్ల ప్రమాదమైతే, గుర్తించిన ఆస్పత్రిలో ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు. గాయపడినవాడు ఏ రాష్ట్రం వాడన్నది ఇందులో లెక్కలోకి రాదు. 108కి గానీ 112కి గానీ కాల్ చేయండి.

మూడు, గర్భిణులు, చిన్న పిల్లలు. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, పరీక్షలు, భోజనం, రవాణా ఉచితం. టీకాలు కూడా ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే. పెద్దపల్లి వైపు ఇటుక బట్టీలకి ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు చిన్న పిల్లలతో వస్తాయి. ఆరేడు నెలలు ఇక్కడే ఉంటారు. ఆ ఆరు నెలల్లో వేయాల్సిన టీకా మిస్సయితే ఆ పిల్లకి అది మిస్సయినట్టే. తల్లీబిడ్డల కార్డు ఫోటో తీసి పెట్టుకుంటే, ఇక్కడి ఏఎన్‌ఎం తర్వాతి టీకా ఏదో చూసి వేస్తారు.

నాలుగు, టీబీ. పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రంలో ఉచితం. రోగికి ఒక నిక్షయ్ నంబర్ ఇస్తారు. మధ్యలో ఊరు మారాల్సి వస్తే ముందే చెప్పాలి, చికిత్సని కొత్త ఊరి కేంద్రానికి మారుస్తారు. పోషణ కోసం నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, 2024 నవంబర్‌కి ముందు అది ఐదు వందలు ఉండేది. మందులు కనీసం నెలల తరబడి వాడాలి. పండక్కి ఊరెళ్లి మధ్యలో ఆపేస్తే మామూలు మందులకి లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. హెల్ప్‌లైన్ 1800-11-6666. మన టీ కొట్టు భయ్యాకి నేను ఇచ్చింది ఈ నంబరే. ఆదివారం సైట్ సెలవు, సోమవారం పొద్దున్నే ఫస్ట్ టోకెన్‌కి వెళ్దాం అని మాట్లాడుకుని వెళ్లాం. కఫం పరీక్షలో టీబీ అని తేలింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు. అతని గదిలో ఉండేవాళ్లని కూడా పరీక్షకి పిలిచారు.

ఫోన్ చేసే చెడ్డ పని, మంచి పని

ఇవన్నీ ఉన్నా చాలామంది దగ్గర ఆగిపోయేది ఒక ఓటీపీ దగ్గర. ఆధార్‌కి లింక్ చేసిన నంబర్ నాలుగేళ్ల కిందట రీఛార్జ్ చేయక పోయింది. ఆ నంబర్ ఇప్పుడు ఇంకెవరి దగ్గరో ఉంది. ఓటీపీ అక్కడికెళ్తుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాడిగా చెప్తున్నా, ఒక మనిషికి ఒకే నంబర్ ఎప్పటికీ ఉంటుందని అనుకుని ఈ సిస్టమ్స్ కడతాం. వలస మనిషి సిమ్‌లు మారుస్తూనే ఉంటాడు.

ఇంకోటి పేర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారినవాళ్లు దాదాపు 45 కోట్లు. అందులో పెద్ద భాగం పెళ్లై వెళ్లిన ఆడవాళ్లు. పుట్టింటి రేషన్ కార్డులోంచి పేరు తీసేస్తారు, అత్తింటి కార్డులో ఎక్కించరు. భర్తతో సిటీకొస్తుంది. మూడు చోట్లలో ఒక్క లిస్టులోనూ ఆమె లేదు. ఇంట్లో అక్కాచెల్లెళ్లకి, వదినలకి ఇది ఒకసారి చెక్ చేయండి.

కాబట్టి, ఈ వీడియో చూసేవాళ్లలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు. ఇంట్లో ఫోన్ బాగా వాడేది మీరే. ఒక అరగంట పెట్టి ఈ పనులు చేయండి.

1. అమ్మానాన్నల ఆధార్‌కి ఏ నంబర్ లింక్ అయి ఉందో చూడండి. పాతదైతే ఆధార్ సెంటర్‌లో మార్పించండి.

2. ఆయుష్మాన్ యాప్‌లో సొంత రాష్ట్రం సెలెక్ట్ చేసి పేరు ఉందో లేదో వెతకండి. ఉంటే ఓటీపీ లేకపోయినా ముఖం స్కాన్‌తో కార్డు తీసుకునే ఆప్షన్ ఉంది. కుటుంబంలో ప్రతి మనిషికీ కార్డు విడివిడిగా తీయండి.

3. పే స్లిప్‌లో ఈఎస్‌ఐ లైన్ ఉందా చూడండి. ఉంటే నంబర్ తెలుసుకుని ఫోన్‌లో సేవ్ చేయండి.

4. ఉంటున్న చోటుకి దగ్గర్లోని బస్తీ దవాఖానా లేదా అర్బన్ హెల్త్ సెంటర్ ఎక్కడుందో, ఎప్పుడు తెరుస్తారో ఒకసారి వెళ్లి కనుక్కోండి. జ్వరం లేనప్పుడే.

5. ఫోన్ గ్యాలరీలో హాస్పిటల్ అని ఒక ఆల్బమ్ పెట్టి చీటీలు, రిపోర్టులు, మందుల షీట్ల ఫోటోలు అందులో వేయండి. భాష రాని ఊళ్లో డాక్టర్‌కి మీ తరఫున మాట్లాడేది అదే.

ఈ ఐదూ మీ ఇంట్లో అయిపోతే, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరో, హాస్టల్‌లో వంట మాస్టర్ దగ్గరో కూర్చుని వాళ్ల ఫోన్‌లో కూడా చూడండి. ఓటీపీ, పిన్ మాత్రం మీరు అడగొద్దు, వాళ్లతోనే టైప్ చేయించండి.

ప్రభుత్వాలు చేయాల్సింది వేరే ఉంది: దవాఖానా సాయంత్రం తెరవడం, కార్డు ఓపీకి కూడా పనికొచ్చేలా చేయడం, కాంట్రాక్టర్ ఈఎస్‌ఐ నంబర్ చేతికిచ్చేలా చూడటం. 1979 నాటి వలస కార్మికుల చట్టంలోనే కాంట్రాక్టర్ ఉచిత వైద్య సదుపాయం ఇవ్వాలని రాసి ఉంది. 2025 నవంబర్ నుంచి దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. చట్టం పేరు మారింది, సైట్ దగ్గర ఏం మారిందో మనం అడుగుతూ ఉండాలి.

వచ్చే ఎపిసోడ్‌లో గల్ఫ్ వెళ్లేముందు చేసే మెడికల్ టెస్టులు, అక్కడి ఇన్సూరెన్స్ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా పైన చెప్పిన ఐదులో మీ ఇంట్లో ఏది ఆగిపోయిందో, ఎక్కడ ఆగిపోయిందో రాసి పంపండి. సెలవు.